గనుల చెంత కళాశాల: ఖనిజ, పెట్రోలియం సాంకేతిక విద్యపై ఒక సమీక్ష

భూమిలోని ధనమును వెలికితీయు విద్య చిరకాలముగా రెండు కొసలయందే స్థిరపడియున్నది. ఒక కొసను విశ్వవిద్యాలయమునందు గణితమును, భౌతికశాస్త్రమును, భూగర్భశాస్త్రమును నాలుగేండ్లు చదివి, గని స్వరూపమును కాగితముపై నిర్ణయించు ఇంజనీరు గలడు. మఱియొక కొసను తండ్రి వెంటనో మేనమామ వెంటనో గనిలోనికి దిగి, పైకప్పు చేయు చప్పుడును బట్టి రాబోవు ప్రమాదమును పసిగట్ట నేర్చిన శ్రామికుడు గలడు. ఈ యిరువురి నడుమ, ఇంజనీరు గీసిన గీతను శ్రామికుని చేతిపనిగా మార్చువాడును, యంత్రము నిలిచిపోయినపుడు దానిని విప్పి చూడగలవాడును, గాలిలోని మీథేను పాలును కొలిచి పని సాగించుటయో నిలుపుటయో అక్కడికక్కడే తేల్చవలసినవాడును అగు మధ్యస్థుడొకడు కావలెను. వానిని ఎక్కడ, ఎన్నాళ్లు, ఏ పాఠములతో తీర్చిదిద్దవలెనను ప్రశ్నకు వేర్వేరు దేశములు వేర్వేరు సమాధానములు చెప్పినవి. అందు అమెరికా సంయుక్త రాష్ట్రములు కమ్యూనిటీ కళాశాలల మూలమున చెప్పిన సమాధానము, దాని గుణములతో పాటు లోపములను గూడ లెక్కలోనికి తీసికొని, బొగ్గుబావులును గ్యాసుబావులును గల తెలుగువారు శ్రద్ధగా పరిశీలింపదగినది.

ఇల్లినాయి రాష్ట్రమునందలి జోలియెట్ పట్టణమున 1901వ సంవత్సరమున, ఉన్నత పాఠశాల ముగించిన స్థానిక విద్యార్థులకు ఇల్లు విడువకయే కళాశాల విద్యలోని తొలి రెండేండ్లు లభింపజేయవలెనను సంకల్పముతో ఆరంభమైన జూనియర్ కళాశాల, ఆ దేశమున నేటికిని నడచుచున్న ప్రభుత్వ కమ్యూనిటీ కళాశాలలలో మొదటిది. అటుపిమ్మట ఇట్టి కళాశాలలు దేశమంతటను వ్యాపించినవి. వీనియందు విశ్వవిద్యాలయములతో పోల్చిన రుసుము స్వల్పము. పదునెనిమిదేండ్ల యువకుని పక్కన నలువదేండ్ల కూలివాడును కూర్చుండవచ్చును. రాత్రిపూట తరగతులును గలవు. చదువు రెండు శాఖలుగా చీలును. రెండేండ్ల పిదప విశ్వవిద్యాలయమున మూడవ యేట చేరగోరువారి మార్గమొకటి. రెండేండ్ల పట్టముతోనో, కొలది మాసముల సర్టిఫికెట్టుతోనో నేరుగా పనిలో ప్రవేశించువారి మార్గము మఱియొకటి. గనుల విద్యయు, పెట్రోలియం విద్యయు అధికముగా ఈ రెండవ మార్గమునకు చెందినవే.

ఈ యేర్పాటు గనుల విద్యకు అమరినంతగా మఱి యే విద్యకును అమరలేదని నా విశ్వాసము. ఖనిజము నగరమును వెదకికొని రాదు. అది ఉన్నచోటికి మనుష్యుడే పోవలెను, మనుష్యుని వెంట బడియు పోవలెను. నెవాడా రాష్ట్రపు ఈశాన్య భాగమున, ఎడారి కొండల నడుమ ఎల్కో అను చిన్న పట్టణము గలదు. 1961లో దానికి సమీపమునగల కార్లిన్ వద్ద న్యూమాంట్ సంస్థకు చెందిన భూగర్భశాస్త్రజ్ఞులు, కంటికి కానరానంత సూక్ష్మకణములుగా శిలయందు వ్యాపించియున్న బంగారమును కనుగొనిరి. 1965లో అచటి గని ఉత్పత్తి నారంభించెను. మఱి రెండేండ్లకే, 1967లో, ఎల్కో పట్టణమున ఒక కమ్యూనిటీ కళాశాల వెలసినది. అదియే నేటి గ్రేట్ బేసిన్ కళాశాల. అమెరికా దేశమున లభించు బంగారములో నాలుగింట మూడు వంతులకు దగ్గరగా నిచ్చుచున్న రాష్ట్రమునందు, ఆ బంగారపు నడిబొడ్డున నిలిచిన విద్యాలయమిది.

గని పక్కనున్న కళాశాల యనగానే బంగారమునుగూర్చియు శిలలనుగూర్చియు బోధించునని తలంచువారు అచటి పాఠ్యక్రమమును చూచి విస్మయము చెందవచ్చును. డీజిలు యంత్రముల మరమ్మతు, వెల్డింగు, పారిశ్రామిక యంత్రముల బిగింపు, విద్యుత్తు, కొలత పరికరముల నియంత్రణ, ఇవియే అచటి ప్రధాన పాఠములు. కొంచెము యోచించినచో దీని ఔచిత్యము బోధపడును. మూడువందల టన్నుల వఱకు రాతిని మోయు లారీ ఒక పూట నిలిచిపోయిన యెడల దాని వెనుకనున్న యంత్రపు పారయు, ముందునున్న క్రషరును గూడ పని తగ్గించుకొనవలసివచ్చును. కార్లిన్ ప్రాంతపు లోతైన ముడిఖనిజమున బంగారము గంధక ఖనిజముల లోపల బంధింపబడి యుండుటచే, దానిని సయనైడు ద్రావణమున కరగించుటకు ముందు, ఆ ముడిఖనిజమును ఆటోక్లేవులు అను మూసిన పాత్రలలో అధికోష్ణమునను అధికపీడనమునను ఆక్సీకరింపవలెను, లేదా బట్టీలలో కాల్పవలెను; ఆ పాత్రల ఉష్ణమును, పీడనమును క్షణక్షణము కొలుచు పరికరము తప్పు చూపినచో పోవునది బంగారము మాత్రమే కాదు, దాని దాపున నిలుచున్నవాని ప్రాణము గూడ. కనుక గని కళాశాల మొదట నేర్పవలసినది యంత్రమును నమ్మదగినదిగా నిలుపు విద్య. గని సంస్థలును ఈ కళాశాలయు కలిసి నడపు శిక్షణ పథకమున విద్యార్థికి ఉపకారవేతనము లభించుటయే గాక, చదువు సాగుచుండగనే గని వర్కుషాపులో జీతముపై పని చేయు అవకాశము గూడ లభించును. ధనమిచ్చువాడు పాఠమును గూడ తన యవసరమునకే కుదించు ప్రమాదము ఇట్టి యేర్పాటునందు లేకపోలేదు. అయినను ఎల్కో విద్యార్థి నేర్చునట్టి డీజిలు విద్యయు విద్యుత్తు విద్యయు బంగారమొక్కదానికే పరిమితములు కావు. ఆ విద్య వానిని ఏ యూరనైనను పోషింపగలదు. ఈ యంశమున ఎల్కో పద్ధతి మిక్కిలి శ్లాఘనీయమైనదని చెప్పక తప్పదు.

బొగ్గు దేశమగు అపలేచియా పర్వత ప్రాంతమున, ముఖ్యముగా కెంటకీ, వెస్ట్ వర్జీనియా రాష్ట్రములలో, ఈ కళాశాలల బాధ్యత మఱింత బరువైనది. 1977 నాటి ఫెడరల్ గనుల భద్రతా ఆరోగ్య చట్టము ననుసరించి, భూగర్భ గనిలో క్రొత్తగా చేరువానికి 40 గంటలు, ఉపరితల గనిలో చేరువానికి 24 గంటలు శిక్షణ నీయవలెను. తరువాత ఏటేట 8 గంటలు పునశ్చరణ జరుపవలెను. ఇట్టి శిక్షణ నిచ్చుటయు, గని ఫోర్‌మెన్ పరీక్షలకు అభ్యర్థులను సిద్ధపఱచుటయు అచటి కమ్యూనిటీ కళాశాలల నిత్యకృత్యము. కాని నలువది గంటలలో ఏమి చేయవలెనో చెప్పవచ్చును గాని, ఏల చేయవలెనో మనసునకు పట్టించుట కష్టము. గాలియందు మీథేను నూటికి 5 నుండి 15 పాళ్ల వఱకు ఉన్నపుడు నిప్పురవ్వ తగిలిన ప్రేలును. ఆ చిన్న ప్రేలుడు నేలపైనున్న బొగ్గుధూళిని లేపి, దానిని గూడ మండించి, మైళ్ల పొడవున గల సొరంగములకు వ్యాపింపజేయును. సున్నపురాతి పొడిని చల్లి ఆ ధూళిని మండనీయకుండ చేయవచ్చును. ఈ మూడు వాక్యముల వెనుకనున్న రసాయనశాస్త్రమును ఎఱిగినవానికి సున్నపురాతి పొడి చల్లుట పై అధికారి మెప్పునకై చేయు పని కాదు.

ఎఱిగియు చేయనిచో ఏమగునో వెస్ట్ వర్జీనియాలోని అప్పర్ బిగ్ బ్రాంచ్ గని 2010 ఏప్రిల్ 5న చూపినది. బొగ్గును కోయు యంత్రపు పండ్లు అరిగి నిప్పురవ్వలు పుట్టుట, నీరు చిమ్ము గొట్టములు సరిగా పనిచేయకుండుట, సున్నపురాతి పొడి చాలినంత చల్లకుండుట, ఇవి యన్నియు ఒక్కచోట కూడినవని విచారణలో తేలినది. 29 మంది మరణించిరి. దీనికి నాలుగేండ్ల ముందు, 2006 జనవరిలో, అదే రాష్ట్రమునందలి సేగో గనిలో 12 మంది ప్రాణములు గోల్పోయిరి; ఆ పిమ్మటనే శ్వాసపరికరములను, సమాచార సాధనములను, రక్షకదళములను గూర్చిన క్రొత్త చట్టము వచ్చినది. గనుల చట్టములలోని పెక్కు నిబంధనలు ఇట్లు శవముల వెనుకనే నడచివచ్చినవి. కావున భద్రతను పాఠ్యక్రమము చివర తగిలించు ఒక అధ్యాయముగా కాక, యంత్రవిద్య, వాయుప్రసారవిద్య, మందుగుండువిద్య మొదలగు ప్రతి శాఖయందును ప్రాణవాయువువలె ప్రసరింపజేయు కళాశాలయే నిజమైన గని కళాశాల.

బొగ్గువిద్యకు మఱియొక సంకటము గలదు. 1923లో అమెరికా బొగ్గుగనులలో ఎనిమిదిన్నర లక్షలకు మించిన జనము పనిచేయుచుండిరి. శతాబ్దము గడచునప్పటికి వారి సంఖ్య అర లక్షకును దిగువకు జారినది. మొదట యంత్రములు, పిదప సహజవాయువు, ఆపైని సూర్యశక్తియు పవనశక్తియు వారి తావును ఆక్రమించినవి. క్షీణించుచున్న వృత్తిని యువకులకు నేర్పుట న్యాయమా యని ప్రశ్నించువారు గలరు. గని యున్నంతకాలము అందు దిగువారుందురు; దిగువారికి విద్య నిరాకరించుట క్రూరత్వమే యగును. కాని ఆ విద్యను బొగ్గు కోయుటకే పనికివచ్చునట్లు సంకుచితము చేసి, గని మూతపడిన మఱునాడు ముప్పదియైదేండ్ల మనుష్యుని వట్టిచేతులతో వీధిలో నిలువబెట్టుటయు అంతకు తక్కువ క్రూరత్వము కాదు.

ఇక పెట్రోలియం సంగతి. టెక్సాస్ పడమటి భాగమునను, దానికి ఆనుకొనియున్న న్యూ మెక్సికోయందును పరచుకొన్న పర్మియన్ బేసిన్, 1920ల ఆదిని తొలి చమురును చిందించి, నేడు అమెరికా చమురుక్షేత్రములన్నిటిలో అధికోత్పత్తి గలదిగా నున్నది. మిడ్‌లాండు, ఒడెస్సా, హాబ్స్ పట్టణముల కమ్యూనిటీ కళాశాలలు ఈ క్షేత్రపు నడుమనే గలవు. బావి త్రవ్వుట, మడ్ అను త్రవ్వకపు బురదద్రవమును తయారుచేయుట, కేసింగు గొట్టము దింపి సిమెంటు పోయుట, రాతిపొరల స్వభావమును పరికరములతో చదువుట, తరువాత ఏండ్ల తరబడి ఆ బావిని పంపుతోడను సెపరేటరుతోడను కాపాడుకొనుట, తుప్పును అరికట్టుట, అమ్మిన చమురును సరిగా కొలుచుట, ఇదియంతయు పెట్రోలియం సాంకేతికుని విద్య. దీనిలోని సారమంతయు పీడనమును గూర్చిన ఒక చిన్న లెక్కలో ఇమిడియున్నదనిన అతిశయోక్తి కాదు. పదివేల అడుగుల లోతుగల బావిలో గాలనుకు పది పౌండ్ల బరువుగల మడ్ నిండియున్నపుడు, అడుగున చదరపుటంగుళముపై పడు భారము 5,200 పౌండ్లు. లోతును బరువుతోను, ఆ లబ్ధమును 0.052 అను స్థిరాంకముతోను హెచ్చవేసిన వచ్చు సంఖ్య యిది. రాతిపొరలోని వాయువు పీడనము ఇంతకు మించినచో ఆ వాయువు బావిలో చొరబడి పైకి లేచును. పదవ తరగతి గణితము చాలును ఈ లెక్కకు. కాని దీనిని అర్ధరాత్రి షిఫ్టులో, అలసిన శరీరముతో, పై యధికారి తొందరపెట్టుచుండగా తప్పక చేయగలుగుటకు రెండేండ్ల అభ్యాసము చాలదేమో యని నాకు తోచును.

మెక్సికో సింధుశాఖలో మకాండో బావిపై నిలిచిన డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గున 2010 ఏప్రిల్ 20న జరిగినది ఈ సందర్భమున స్మరింపవలెను. బావి మూతపడినదా లేదా యని తెలిసికొనుటకు చేసిన పీడన పరీక్షయందు డ్రిల్‌పైపుపై 1,400 పౌండ్ల పీడనము కనబడుచునే యున్నది. పక్కనున్న వేఱొక గొట్టమునుండి మాత్రము ప్రవాహము రాలేదు. రెండు కొలతలును పరస్పరవిరుద్ధములై యుండగా, విరోధమునకు కారణమును వెదకుటకు మాఱుగా, సిబ్బంది తమకు అనుకూలమైన వివరణ నొకదానిని అంగీకరించి, బావి భద్రమని నిశ్చయించి మడ్ తీసివేయసాగిరి. ఆ రాత్రియే రిగ్గు ప్రేలి 11 మంది మరణించిరి. అచట కొఱవడినది పరికరము కాదు, పరికరము చెప్పుచున్నదానిని వినగల శిక్షితబుద్ధి. ఆ దుర్ఘటన పిదప బావి నియంత్రణ శిక్షణను కఠినతరము గావించి, అనుకరణ యంత్రములపై అభ్యర్థి చేతిపనిని గూడ పరీక్షించు పద్ధతి బలపడినది. కమ్యూనిటీ కళాశాలలు ఈ యంత్రములను సమకూర్చుకొనుటకు చేయు వ్యయమును ఆడంబరముగా ఎంచరాదు.

బావి వద్ద పొంచియుండు మఱియొక శత్రువు హైడ్రోజన్ సల్ఫైడు. ఇది కుళ్లిన గ్రుడ్డు వాసనతో మొదట హెచ్చరించును గాని, సాంద్రత హెచ్చినకొలది ఘ్రాణశక్తినే చంపివేయుటచే, వాసన పోయినదని సంతసించువాడు మఱుక్షణమున కూలిపోవును. 1975లో టెక్సాస్‌లోని డెన్వర్ సిటీ వద్ద ఈ వాయువు వెలువడి తొమ్మండుగురు మరణించిరి. రిఫైనరీల విషయమునను ఇంతే. టెక్సాస్ సిటీ రిఫైనరీలో 2005 మార్చి 23న, ద్రవమట్టమును చూపు పరికరము తప్పు చూపగా, ఒక స్తంభము మితిమీరి నిండి పొంగి, వెలువడిన ఆవిరి అంటుకొని ప్రేలినపుడు 15 మంది మరణించిరి. మెక్సికో సింధుశాఖ తీరమునందలి కమ్యూనిటీ కళాశాలలు నడపు ప్రాసెస్ టెక్నాలజీ పట్టము ఇట్టి స్తంభములను, పంపులను, కవాటములను కావలికాయు ఆపరేటరులను తయారుచేయుటకే ఏర్పడినది. ఇదియు పెట్రోలియం విద్యలో భాగమే. బావివద్ద పని తగ్గిన కాలమున విద్యార్థికి ఆశ్రయమిచ్చునదియు ఇదియే.

ఆశ్రయమేల యనగా, చమురు ధరకు స్థిరత్వము లేదు. 2014 నడిమికాలమున పీపా నూఱు డాలర్లకు మించిన ధర, 2016 ఆదికి ముప్పది డాలర్లకు దిగువకు పడినది. 2020 ఏప్రిల్ 20న అమెరికా చమురు వాయిదా ధర సున్నకును దిగువకు, మైనస్ 37.63 డాలర్లకు దిగజారినది. ధర పెరిగినపుడు రిగ్గు జీతమునకు ఆశపడి విద్యార్థులు చదువు సగములో విడిచిపోవుదురు. ధర పడినపుడు పని పోయినవారు తరగతులలో నిండుదురు. తరగతి ముగియునప్పటికి ధర మఱియొక దారి పట్టియుండును. ఈ విపరీత చక్రమును ఏ కళాశాలయు ఆపలేదు. సగములో పోయినవాడు నేర్చినంతమేరకు సర్టిఫికెట్టు పొంది, ఏండ్ల తరువాత వచ్చి విడిచినచోటనే తిరిగి యెత్తుకొనునట్లు పాఠ్యక్రమమును చిన్న చిన్న సోపానములుగా నిర్మింపవచ్చును. మంచి కమ్యూనిటీ కళాశాలలు ఈ మార్గమునే అవలంబించుచున్నవి. ఇది అవి లోకమునకు చేసిన గొప్ప మేలు.

లోపములును గలవు. గనిలోను రిగ్గుపైనను లభించు జీతము బడిపంతులు జీతమును మించిపోవుటచే సమర్థులగు అధ్యాపకులు నిలువరు. పనికై రూపొందించిన రెండేండ్ల పట్టమునందు ఉన్నత గణితము స్వల్పమగుటచే, ఆ విద్యార్థి తరువాత ఇంజనీరు కాగోరినపుడు విశ్వవిద్యాలయము వాని పాఠములను పెక్కింటిని లెక్కకు తీసికొనదు. వాడు మరల మొదటినుండి ఆరంభింపవలసివచ్చును. చేరుదినముననే ఈ సంగతి వానికి స్పష్టముగా చెప్పుట కళాశాల ధర్మము.

తెలుగునాట ఈ విద్య క్రొత్తది కాదు. భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ 1871లో ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గుర్తించగా, 1889లో త్రవ్వకము మొదలైనది; 1920నుండి ఆ గనుల సంస్థకు సింగరేణి కాలరీస్ అను పేరు స్థిరపడినది. బాయిపని, అనగా గనిపని, తరతరములుగా జీవనమైన కుటుంబములు ఇల్లెందు, కొత్తగూడెం, బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని పట్టణములలో వేలకొలది గలవు. కమ్యూనిటీ కళాశాలకు మనయందు దీటైనది పాలిటెక్నిక్. మైనింగు డిప్లొమా పొందినవాడు నిర్ణీతానుభవము గడించి, ధన్‌బాద్‌నందలి గనుల భద్రతా డైరెక్టరేటు జరుపు పరీక్షలయందు నెగ్గి, ఓవర్‌మెన్‌గాను పిదప మేనేజరుగాను ఎదుగగలడు. దేశమంతటికిని ఒక్కటే ప్రమాణము గల యీ చట్టబద్ధ సోపానక్రమము, బొగ్గు విషయమున రాష్ట్రమునకొక తీరుగ ఫోర్‌మెన్ పరీక్షలు గల అమెరికా పద్ధతికంటె మేలైనదని నా నిశ్చితాభిప్రాయము. 1952 నాటి గనుల చట్టము స్త్రీలకు భూగర్భమున మూసిన తలుపు 2019లో కొన్ని నియమములతో తెరువబడినది. సాంకేతిక, పర్యవేక్షక ఉద్యోగములలో పగటివేళ వారు దిగుటకు ఆ యేట అనుమతి లభించినది. కనుక ఇకమీదట మైనింగు తరగతిలో ఆడపిల్ల కూర్చుండుట వింత కారాదు. కొత్తగూడెమునందలి గనుల కళాశాలను భూవిజ్ఞాన విశ్వవిద్యాలయముగా మార్చుటకు తెలంగాణ ప్రభుత్వము 2025లో నిర్ణయించుట హర్షింపదగినదే. ఆ యున్నత పీఠము వెలుగున డిప్లొమా విద్య మఱుగుపడకుండుగాక.

గోదావరి డెల్టా విషయము వేఱు. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడి బావి ప్రేలి, రెండు మాసములకు పైగా ఆకాశమంటు జ్వాలతో మండినపుడు, దానిని ఆర్పుటకు అమెరికానుండి నిపుణులను రప్పింపవలసివచ్చినది. 2014 జూన్ 27న నగరం గ్రామమున గ్యాసు గొట్టము ప్రేలి ఇరువదిమందికి పైగా జనము మరణించిరి. చమురువిద్య ఆ డెల్టా ప్రజలకు ఉపాధి మార్గము మాత్రమే కాదు, ఆత్మరక్షణ మార్గము గూడ. విశాఖపట్టణమున 2016లో నెలకొన్న పెట్రోలియం, ఇంధన సంస్థ ఇంజనీర్లను తయారుచేయుచున్నది, సంతోషము. కాని గొట్టపు వాల్వును త్రిప్పువాడు, తుప్పును కనిపెట్టువాడు, లీకును మొదట పసిగట్టువాడు ఇంజనీరు కాడు. వాడు అమలాపురమునందో రాజోలునందో పుట్టి, అక్కడనే చదువుకొని, అక్కడనే కాపురముండువాడైనచో, తన పనిపట్ల వానికుండు జాగరూకత వేఱుగా నుండును.

కావున ప్రభుత్వములకును సంస్థలకును నా మనవి యిది. మైనింగు డిప్లొమా చదువు బాలునకు విద్యుత్తును, డీజిలు యంత్రమును, కొలత పరికరములను గూడ చేతిపనిగా నేర్పుడు. గ్యాసు బావుల నడుమనున్న మండలములలో బావి నియంత్రణ అనుకరణ యంత్రముతో కూడిన ఒక పాలిటెక్నిక్ శాఖను నెలకొల్పుడు. మీథేను, హైడ్రోజన్ సల్ఫైడు, పీడనము, పైకప్పు కూలుట వీనిని గూర్చిన భద్రతా పాఠములను ఆ బాలుడు కలగనునట్టి తెలుగులోనే వ్రాయించి బోధింపుడు. ఈ విద్యలో చేరనెంచు యువకులును, వారి తలిదండ్రులును రుసుము కట్టుటకు ముందు కళాశాలవారిని మూడు సంగతులు అడుగవలెను: వర్కుషాపులో వారమునకెన్ని గంటలు గడపనిత్తురు, ఏ గనిలో లేదా ఏ రిగ్గుపై శిక్షణకు పంపుదురు, ఈ గని మూతపడినచో ఈ చదువు ఇంకెక్కడ పనికివచ్చును. సమాధానము చెప్పలేని చోట చేరవలదు.